అత్త మీద కోపం దుత్త మీద పడకుండా, చెప్పాల్సిన చోటే చెప్పడం ఎలా?

"కోపం వస్తే ఏం చేయాలి?" అని నన్ను ఎవరూ అడగరు. "అక్కా, అసలు కోపం రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?" అని అడుగుతారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర, ఆఫీసులో లంచ్ బాక్సులు విప్పేటప్పుడు, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలోంచి, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇక రాసి పెట్టడమే నయమనిపించింది.

ముందే చెబుతున్నా, కోపం రాకుండా చేసే చిట్కా నా దగ్గర లేదు. ప్రాణాయామం, పది అంకెలు లెక్కపెట్టడం, చల్లటి నీళ్లు తాగడం మంచివే. కానీ అవి కోపాన్ని కాసేపు ఆపుతాయి గానీ కోపం తెప్పించిన పనిని ఆపవు. మింగేసిన కోపం ఎక్కడికీ పోదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించిందని సామెత ఊరికే పుట్టలేదు. ఇప్పుడు వంటింట్లో దుత్తలు లేవు. వాటి బదులు స్టీలు గిన్నెలున్నాయి, హోంవర్క్ చేయని పిల్లలున్నారు, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పనమ్మాయి ఉంది. కింద రాసిందల్లా, వచ్చిన కోపాన్ని దుత్త దాకా పోనివ్వకుండా అసలు మనిషికి చేర్చే పద్ధతి.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు చూసే ఉంటారు. అల్లుడుగారు అలగడానికి ప్రత్యేకంగా పాన్పు వేస్తారు, ఉంగరమో బండో ఇచ్చి బతిమాలతారు, ఫొటోలు కూడా తీస్తారు. అదే పెళ్లిలో పెళ్లికూతురు మొహం కాస్త ముడుచుకుంటే చాలు, "ఇప్పుడే ఇంత కోపమైతే రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావే" అని చెవిలో గొణుగుతారు. ఆవిడకేమో భూదేవంత ఓర్పు ఉండాలి. సరే, థియరీ ఇంతటితో చాలు.

కావాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఫోన్ లాక్ మీకొక్కరికే తెలిసి ఉండాలి.
- రోజుకు పది నిమిషాలు, ఎవరూ పిలవని చోటు. డాబా మీద బట్టలు ఆరేసే తీగల దగ్గర, పార్కింగ్‌లో స్కూటీ మీద, ఏదీ కుదరకపోతే గడియ వేసుకుని బాత్రూమ్‌లో.
- మీ మాట విని "సర్దుకుపోవే" అనని మనిషి ఒకరు. చెల్లెలు, స్నేహితురాలు, పిన్ని, ఎవరైనా. ఒక్కరు చాలు.
- రెండు వారాల ఓపిక.

ముందు ఇది చదవండి

మీ ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే, చంపుతానని బెదిరించే మనిషి ఉంటే, ఎదురు చెబితే వస్తువులు విసిరే మనిషి ఉంటే, కింది పద్ధతి మీ కోసం కాదు. అక్కడ వాక్యం ఎలా కూర్చుకోవాలన్నది తర్వాతి సంగతి, ముందు క్షేమంగా ఉండాలి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొడితేనే హింస అని ఆ చట్టం అనదు. తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా అందులోకే వస్తాయి. ఇల్లు మీ పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు మీకుందని చెబుతుంది. మీ బదులు ఇంకొకరు కూడా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వచ్చు.

ఇది మీ పరిస్థితి కాదంటే ముందుకు పదండి.

1. ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో పట్టుకోండి

చాలామందికి కోపం వచ్చిన సంగతి రెండు గంటల తర్వాత గానీ తెలియదు, చిన్నప్పట్నుంచీ దాన్ని గుర్తించకుండా ఉండటమే నేర్పారు కాబట్టి. ఒళ్లు మాత్రం ముందే చెబుతుంది. కొందరికి దవడ బిగుసుకుంటుంది. కొందరికి చెవులు వేడెక్కుతాయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. నాకైతే గిన్నెల చప్పుడు. మూత మెల్లగా పెట్టాల్సిన చోట టపీమని పడేస్తాను. మూడు రోజులు గమనించండి, మీ గుర్తు మీకే తెలుస్తుంది.

జాగ్రత్త: చాలామంది ఆడవాళ్లకు కోపం ముందు కన్నీళ్లలా వస్తుంది. దాన్ని బాధ అనుకుని "ఏంటో, ఊరికే ఏడుపొస్తోంది" అని కొట్టిపారేయకండి. ఏడుపు వచ్చినప్పుడల్లా "ఎవరి మీద?" అని ఒక్కసారి అడిగి చూసుకోండి.

2. దానికి పేరు పెట్టండి

తెలుగులో దీనికి పేర్లకేం కొదవ లేదు. చిరాకు వేరు, అలక వేరు. ఉక్రోషం అంటే ఏమీ చేయలేక లోపల్లోపల కుతకుతలాడటం. కసి అంటే పాతబడి గట్టిపడిపోయింది. ఏది వచ్చిందో పుస్తకంలో ఒక్క మాట రాయండి.

చిరాకైతే ముందు ఏదైనా తినండి, పడుకోండి. సగం చిరాకులు ఆకలివే. ఉక్రోషం, కోపం అయితే మూడో మెట్టుకు వెళ్లండి. కసి అయితే ఈ పద్ధతితో ఒక్కసారికి పోదు, అది చాలా కోపాల మూట. వాటిలో అన్నిటికంటే కొత్తదాన్ని మాత్రం తీసుకుని మొదలుపెట్టండి.

"పీరియడ్స్ టైమా?" అని ఎవరైనా అంటే: అవునో కాదో మీరు జవాబు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఓపిక తగ్గడం నిజమే కావచ్చు, కానీ ఆ రోజు కనిపించిన తప్పు మిగతా రోజుల్లో కూడా తప్పే.

3. మూడు వరసలు రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, దీన్ని దాటేసినవాళ్లే మళ్లీ వచ్చి "చెప్పాను, గొడవైంది" అంటారు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. పిల్లాడికి అన్నం పెట్టేశాను. మా ఇద్దరికీ మిగిలింది నాలుగు చపాతీలు, గిన్నె అడుగున కాస్త టమాటా పప్పు. ఫోన్ మోగింది, మా ఆయన. "మా వాళ్లు ముగ్గురొస్తున్నారు, ఏదో ఒకటి చేసెయ్, సింపుల్‌గా." నేను "సరే" అన్నాను. ఆ "సరే" ఎంత మెత్తగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది. ఉప్మాకి ఉల్లిపాయలు కోస్తుంటే, గట్టు పక్కన కారు బొమ్మతో ఆడుతున్న మా వాడి చెయ్యి తగిలి పాల గ్లాసు ఒలికింది. వీపు మీద ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు. కారు గుండెలకు పట్టుకుని, పాలు గట్టు మీంచి కిందికి కారుతుంటే వాటినే చూస్తూ నిలబడ్డాడు. వచ్చినవాళ్లు "వదిన చేతి ఉప్మా" అని మెచ్చుకుని తిన్నారు. నేను నవ్వాను కూడా.

రాత్రి పదకొండున్నరకు పుస్తకంలో రాసింది ఇది:

జరిగింది: ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి ముగ్గురొస్తున్నారని చెప్పారు, నన్ను అడగలేదు.
నాకు పోయింది: నా తిండి, కాస్త నడుం వాల్చే గంటన్నర. పిల్లాణ్ణి కొట్టాను.
కావాల్సింది: ఎవరినైనా పిలిచేముందు నన్ను అడగాలి.

మొదటి వరసలో కళ్లకు కనిపించిందే రాయాలి. "నన్ను వంటమనిషిని చేశారు" అని రాయకండి. అది నిజమే కావచ్చు, కానీ దాని మీద వాదన పెట్టుకోవచ్చు. "ఎనిమిదిన్నరకు ఫోన్ చేశారు" అన్న దాని మీద వాదన ఉండదు. మూడో వరసలో వాళ్లు చేయగలిగే పని ఒక్కటే ఉండాలి. "నన్ను అర్థం చేసుకోవాలి" అని రాశారా, కొట్టేయండి. అది రేపు జరిగిందో లేదో మీరు ఎలా చూసుకుంటారు?

4. చిరునామా సరిచూడండి

ఈ కోపం నిజంగా ఎవరికి చేరాల్సింది? పండక్కి ఆడపడుచు కుటుంబం వారం రోజులుంటే కోపం అత్తగారి మీదకు పోతుంది. కానీ ఆ వారం రోజుల్లో ఒక్క గ్లాసు కూడా కడగని మనిషి ఇంకొకరు సోఫాలో ఉన్నారు కదా. చాలా ఇళ్లలో అత్తాకోడళ్ల గొడవ అని పేరు పడ్డది నిజానికి ఆ కొడుకు చేయాల్సిన పని. పుట్టింట్లో కూడా అంతే, వదిన మీద ఉన్న కోపంలో సగం అన్నయ్యదే.

ఇంకో మాట, వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. మన దుత్త ఎవరో కూడా రాసుకోవాలి. మేనేజర్‌కు చెప్పలేనిది పనమ్మాయికి చెబుతున్నామేమో చూసుకోవాలి. పేదవాడి కోపం పెదవికి చేటు అంటారు, ఆ అమ్మాయి తన కోపం ఎక్కడ చెప్పుకుంటుంది?

5. ఒక్క వాక్యం కూర్చుకోండి

మూడో వరసలోంచి ఒకటి, మహా అయితే రెండు వాక్యాలు. కింద కొన్ని నమూనాలు, మీ ఇంటి మాటలోకి మార్చుకోండి.

భర్తతో: "ఏవండీ, ఇంటికి ఎవరినైనా పిలిచేముందు నన్ను అడగండి. ఏడు దాటాక వచ్చేవాళ్లకు బయట నుంచి తెప్పించండి, నేను వండను."

అత్తగారితో: "అత్తయ్యా, కూరలో ఉప్పు ఎక్కువైతే నాకే చెప్పండి. పక్కింటివాళ్ల ముందు అంటే నాకు కోపం వస్తోంది." తెలంగాణలో "అత్తమ్మా" అంటారు, మిగతాదంతా అదే. "కోపం" అన్న మాట వాడటానికి భయపడకండి. "బాధేస్తోంది" అంటే ఓదారుస్తారు, "కోపం వస్తోంది" అంటే ఆలోచిస్తారు.

అమ్మతో: "అమ్మా, పిల్లలెప్పుడు అని ఫోన్ చేసినప్పుడల్లా అడగొద్దు. ఉంటే నేనే చెబుతాను."

ఆఫీసులో: "సార్, నన్ను పూర్తిచేయనివ్వండి, తర్వాత మీరు చెప్పండి." ఇది మీటింగ్‌లోనే, ఆ క్షణంలోనే చెప్పాలి, రాత్రికి మెయిల్ రాస్తే పనికిరాదు. అసభ్యంగా మాట్లాడటం, తాకడం లాంటివైతే వాక్యంతో ఆగకండి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెబుతోంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు.

అన్నదమ్ములతో: "అన్నయ్యా, ఆస్తి మాటలప్పుడు నన్నూ కూర్చోబెట్టు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను." దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆడవాళ్లు మింగే కోపాల్లో ఖరీదైనది ఇదే. శ్రావణమాసంలో చీర పెట్టి, మర్నాడు రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లే అన్నదమ్ములు ఉంటారు. "పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా" అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది అందలేదు. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల్ని మాత్రం కదపలేరు, తండ్రి స్వార్జితాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా రాయచ్చు. వాటా తీసుకోవాలో వదులుకోవాలో మీ ఇష్టం. కానీ హక్కు వదులుకునే పత్రం మీద, కోపంలో ఉన్న రోజూ వద్దు, మొహమాటంలో ఉన్న రోజూ వద్దు. కాపీ ఇంటికి తెచ్చుకుని లాయర్‌కు చూపించండి.

6. వేళ, చోటు చూసుకోండి

వడ్డించేటప్పుడు వద్దు. చుట్టాల ముందు వద్దు. అవతలి మనిషి తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, స్టేటస్‌లో సూక్తుల రూపంలో వద్దు, అది తగలాల్సినవాళ్లకు తప్ప అందరికీ తగులుతుంది. కారు ప్రయాణం మంచి చోటు, మొహాలు చూసుకోనక్కర్లేదు. సాయంత్రం టీ వేళ కూడా బాగుంటుంది. జరిగిన మూడు రోజుల్లోపు చెప్పాలని నేను పెట్టుకున్న నియమం. అంతకంటే పాతబడితే "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంటారు.

7. చెప్పండి, ఆగండి

వాక్యం చెప్పాక నోరు మూసుకోవడం కష్టమైన పని. మనకు అలవాటు ఏమిటంటే, చెప్పిన వెంటనే మనమే సర్దడం: "అంటే, ఏదో చెప్పాను లెండి, పర్లేదు." ఆ "పర్లేదు"తో చెప్పిందంతా కొట్టుకుపోతుంది. చెప్పి, టీ కప్పు పట్టుకుని, మనసులో ఇరవై లెక్కపెట్టండి. నిశ్శబ్దాన్ని వాళ్లే నింపనివ్వండి.

మధ్యలో ఏడుపొస్తే "ఏడుస్తున్నాను గానీ చెప్పాల్సింది అదే" అని మళ్లీ అదే వాక్యం చెప్పండి.

ఎదురొచ్చే మాటలు దాదాపు ఎప్పుడూ ఇవే కాబట్టి ముందే సిద్ధంగా ఉండండి. "మా అమ్మ ముప్పై ఏళ్లు చేసింది" అంటే, "ఆవిడకూ కోపం వచ్చే ఉంటుంది, అడగండి." "ఎవరు నేర్పుతున్నారు నీకిదంతా?" అంటే, "నాకే అనిపించింది." "ఇంత చిన్నదానికా?" అంటే, "చిన్నదే, అందుకే మార్చడం తేలిక." "గయ్యాళి" అన్నారంటే జవాబు వద్దు, ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. చెప్పింది తగిలిందన్నమాట.

8. మీ చేతిలో ఉన్నది మార్చండి

చెప్పినా మళ్లీ అదే జరిగితే రెండోసారి గట్టిగా అరవడం కాదు, మీ వైపు పని ఆపడం. మా ఇంట్లో మొదటిసారి చెప్పాక ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. రెండు నెలలు బాగానే నడిచింది. మళ్లీ ఒక రాత్రి తొమ్మిదికి ఫోన్. "రానివ్వండి, నేను వండట్లేదు" అన్నాను, గొంతు పెంచకుండా. చేతులు మాత్రం వణికాయి. బిర్యానీ ప్యాకెట్లు వచ్చాయి, అందరూ తిన్నారు, నేనూ తిన్నాను.

మీరు నిలబెట్టుకోలేనిది మాత్రం చెప్పకండి. "పుట్టింటికి వెళ్లిపోతా" అని వెళ్లకపోతే, తర్వాత చెప్పే ప్రతి మాటా చులకన అవుతుంది.

ఒక్కరికే కుదరకపోతే

కొన్ని కోపాలు ఒక మనిషి మోసేవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీదకు వెళ్లారు. తాగొచ్చిన మొగుళ్ల మీద వాళ్లకు కోపం ఆ ఏడాదే పుట్టింది కాదు. కానీ సాయంత్రాలు అక్షరాస్యత తరగతుల్లో ఒకచోట కూర్చునేసరికి, ఎవరి కోపం వాళ్లదే అనుకున్నది అందరిదీ ఒకటేనని తేలింది. దూబగుంట రోశమ్మ పేరు అలాగే ఊరు దాటింది. సారా వేలం పాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. మీ ఊళ్లో డ్వాక్రా మీటింగు ఉంటే, ఆఫీసులో లంచ్ బల్ల ఉంటే, అదీ ఒకచోట కూర్చోవడమే. లేడీస్ టాయిలెట్‌కు గడియ లేదని ఒక్కరు చెబితే సణుగుడు అంటారు, పదకొండు మంది సంతకాలతో కాగితం ఇస్తే వడ్రంగిని పిలుస్తారు.

అందరూ చేసే పొరపాట్లు

పాత పద్దులు తిరగేయడం. "మన పెళ్లిలో మీ పిన్ని ఏమందో..." అని మొదలయ్యిందంటే ఉప్మా సంగతి అక్కడితో పోయినట్టే. ఒకసారికి ఒక కోపం.

పిల్లల చేత కబురు పంపడం. "మీ నాన్నకి చెప్పు, అన్నం గిన్నెలో ఉందని." ఆ పిల్లకు అది ఏడేళ్ల వయసులో మోయాల్సిన బరువు కాదు.

అన్నం మానేయడం. మీరు తినకపోతే మీకే నీరసం, కొన్ని ఇళ్లలోనైతే ఎవరూ గమనించను కూడా గమనించరు.

చెల్లెలికి నలభై నిమిషాలు చెప్పి, అసలు మనిషికి చెప్పకపోవడం. చెల్లెలికి చెప్పడం రిహార్సల్, నాటకం వేరే చోట ఉంది.

తప్పుగా క్షమాపణ అడగడం. నోరు జారి చెడ్డ మాట అంటే, ఆ మాటకు మాత్రం అడగండి: "అలా అనకూడదు, తప్పే. కానీ అడిగింది మాత్రం అడిగిందే." నేను మా వాడికి మర్నాడు పొద్దున్నే సారీ చెప్పాను. వాడేమో "కారు చక్రం పోయింది, అది పెట్టు" అన్నాడు.

పనిచేసిందో లేదో చూసుకోవడం

ఎదుటివాళ్ల మొహం చూసి తేల్చకండి. మొదటి రెండు మూడు రోజులు ముభావం, మాటలు కరువవడం మామూలే. దాన్ని చూసి కంగారుపడి వెనక్కి తీసుకోవడం వల్లే చాలామందికి ఇది కుదరదు. రెండు వారాలయ్యాక పుస్తకం తీసి ఇవి చూడండి: మూడో వరసలో రాసిన పని జరిగిందా, ఎన్నిసార్లు? ఆ రాత్రి నిద్ర పట్టిందా? గిన్నెల చప్పుడు తగ్గిందా? మీరు వంటింట్లోకి వస్తే పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారా, లేదా మామూలుగా ఆడుకుంటున్నారా? ఈ చివరిది తప్పు చెప్పదు.

వారాల తరబడి ప్రతి చిన్నదానికీ మంటెత్తుతుంటే, నిద్ర లేకపోతే, ముఖ్యంగా కాన్పు తర్వాత అయితే, డాక్టర్‌కు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక పుస్తకం ఎక్కడ దాచాలి అని కూడా అడుగుతారు. పోపుల డబ్బాలో వద్దు, బీరువాలో చీరల మధ్య అసలే వద్దు, ముందు వెతికేది అక్కడే. నాది గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లులు పెట్టే కవర్లో ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ కవరు మా ఇంట్లో నేను తప్ప ఎవరూ తీయలేదు.